‘ఎఫ్ గ్రాఫును గీయుము’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఒక ప్రమేయం అవకలజం ఎక్కడ ధనమో, ఎక్కడ రుణమో, ఎక్కడ సున్నో మాత్రం చెప్పి, ఆ ప్రమేయం గ్రాఫు గీయమనడం కలన గణితంలో బాగా నలిగిన ప్రశ్న. ఇందులో సూత్రం ఇవ్వరు. విలువలు ఒకటీ అరా తప్ప చెప్పరు. వాలు గురించి నాలుగు ముక్కలు చెప్పి ప్రశ్నకర్త తప్పుకుంటాడు. వక్రం భారమంతా గీసేవారిది. ఇంత తక్కువ చెప్పి అంత ఎక్కువ ఆశించే రచన సూత్రగ్రంథాల తర్వాత ప్రశ్నపత్రాల్లోనే కనిపిస్తుంది. సూత్రగ్రంథాలకు భాష్యాలున్నాయి, ప్రశ్నపత్రాలకు గైడ్లున్నాయి. గైడు జవాబు ఇస్తుంది గానీ పదానికి అర్థం చెప్పదు. ఆ లోటు తీర్చడానికి ఈ టీక.

లెక్కకు వ్యాఖ్యానం ఏమిటనే ఆక్షేపణ నిలవదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి దించాడు. భాస్కరాచార్యుడి లీలావతిలో లెక్కలన్నీ శ్లోకాలే, వాటికి వ్యాఖ్యలూ ఉన్నాయి. ఇక వ్యాఖ్యాత పాటించవలసిన నియమాన్ని కోలాచల మల్లినాథసూరి ఏనాడో ఖరారు చేశాడు: మూలంలో ఆధారం లేనిది రాయరాదు, అక్కరలేనిది చెప్పరాదు. కాళిదాసు కావ్యాలకు టీక రాస్తూ పూనిన నియమం అది. గ్రాఫు గీసేవారికి ఇంతకన్నా పనికొచ్చే నియమం గణిత పుస్తకాల్లోనూ దొరకదు. ఈ రకం ప్రశ్నలో పోయే మార్కుల్లో ఎక్కువ భాగం మూలంలో లేనిదాన్ని అందంగా గీయడం వల్లనే పోతాయి.

మూలం

ఎఫ్ అను ప్రమేయము వాస్తవ సంఖ్యలన్నింటిపై అవిచ్ఛిన్నము. ఎఫ్ ఆఫ్ 1 విలువ 2.
ఎక్స్ మైనస్ 1 కంటె తక్కువైనపుడు ఎఫ్ డాష్ ధనము. మైనస్ 1కి 1కి నడుమను, 1కి 3కి నడుమను రుణము. 3 దాటిన పిదప మరల ధనము.
మైనస్ 1 వద్దను 1 వద్దను ఎఫ్ డాష్ సున్న. 3 వద్ద ఎఫ్ డాష్ లేదు.
ఎక్స్ అనంతమునకు పోవ ఎఫ్ డాష్ సున్నకు పోవును. ఎఫ్ గ్రాఫును గీయుము.

ప్రతిపదార్థం

ఎఫ్ అను = ఎఫ్ అని పేరు గల; ప్రమేయము = ప్రతి ఎక్స్‌కూ ఒకే ఒక్క విలువనిచ్చే సంబంధం; వాస్తవ సంఖ్యలన్నింటిపై = ఎక్స్ అక్షం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా (చివరలు లేవని గ్రహించాలి); అవిచ్ఛిన్నము = ఎక్కడా తెగనిది, పెన్సిలు ఎత్తకుండా గీయదగినది; ఎఫ్ ఆఫ్ 1 విలువ 2 = వక్రం ఒకటి కామా రెండు అనే బిందువు గుండా పోవునది; ఎఫ్ డాష్ = ఎఫ్‌కు అవకలజం, అనగా ఆయా చోట్ల స్పర్శరేఖ వాలు; ధనము = సున్న కంటె ఎక్కువ, డబ్బని కాదు; రుణము = సున్న కంటె తక్కువ, అప్పని కాదు; సున్న = సున్నే; లేదు = అసలే లేదు, సున్న అని అర్థం చెప్పరాదు; పోవ = చేరినా చేరకున్నా అంతకంతకు దగ్గరపడుతుండగా; గీయుము = గీయండి. ఏకవచనం ప్రశ్నపత్రాల సంప్రదాయమే తప్ప అగౌరవం కాదు.

అన్వయం

మూలంలో మాటలు గుర్తుల వరసలో ఉన్నాయి: ముందు ధన రుణాలు, తర్వాత సున్నలు, ఆపైన లేనిది. గీయడానికి ఆ వరస పనికిరాదు. అన్నిటినీ విడదీసి ఎక్స్ అక్షం మీద ఎడమ నుంచి కుడికి మళ్లీ కూర్చుకోవాలి. మైనస్ 1, 1, 3 అనే మూడు బిందువులు అక్షాన్ని నాలుగు అంతరాలుగా కోస్తాయి. వాటిలో ఎఫ్ డాష్ గుర్తులు వరసగా ధనం, రుణం, రుణం, ధనం. అన్వయించిన వాక్యం ఇలా వస్తుంది: మైనస్ 1 దాకా ఎఫ్ ఎక్కుతుంది, అక్కడ అడ్డం తిరుగుతుంది, దిగుతుంది, 1 వద్ద వాలు సున్నకు వస్తుంది, మళ్లీ దిగుతుంది, 3 వద్ద ఏదో జరుగుతుంది, ఆ తర్వాత ఎక్కుతూనే ఉంటుంది.

కోచింగు తరగతుల్లో ‘వేవీ కర్వ్’ పేరుతో గుర్తులు వేసే పద్ధతి చేసేదీ ఈ కూర్పే. కాకపోతే ఆ గీత ప్రతి బిందువు వద్దా అక్షాన్ని దాటి తీరుతుందని అలవాటుపడిన చేయి ఇక్కడ 1 వద్ద తడబడుతుంది. 1 వద్ద దాటడం లేదు. ముందూ రుణమే, వెనకా రుణమే. వరసగా ధనం, రుణం, ధనం, రుణం అని వేసుకుంటే ఆ గ్రాఫు వేరే ప్రశ్నకు జవాబవుతుంది.

మొదటి వాక్యానికి వ్యాఖ్య

‘అవిచ్ఛిన్నము’. ఇక్కడ ఒక శంక. అవకలజం ఉన్న చోట ప్రమేయం అవిచ్ఛిన్నమయ్యే తీరుతుంది కదా. అవకలజం గురించి ఇంత చెప్పబోతూ ఈ మాట వేరే ఎందుకు? పునరుక్తి దోషం కాదా? కాదు. 3 వద్ద అవకలజం లేదని మూలమే మూడో వాక్యంలో ఒప్పుకుంటుంది. మిగతా చోట్లన్నిటా అవిచ్ఛిన్నత అడగకుండానే వస్తుంది, ఆ ఒక్క చోట రాదు. కనుక వాస్తవ సంఖ్యలన్నింటిపై అని ఆర్భాటంగా చెప్పినా, ఈ మాట వచ్చింది 3 అనే ఒక్క బిందువు కోసమే.

ఆ మాట తీసేస్తే ఏమవుతుందో చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఎఫ్ ఎడమ నుంచి దిగుతూ వచ్చి 3 వద్ద మైనస్ 5 ఎత్తులో తెగిపోవచ్చు, కుడివైపు 7 ఎత్తు నుంచి కొత్తగా మొదలై ఎక్కవచ్చు. మూలంలో ధన రుణాలు చెప్పిన మాట ఒక్కటీ దీనితో చెడదు. ఇంకా వింతగా, 3 వద్ద మాత్రం విలువ 100 అని ఒంటరి చుక్క పెట్టవచ్చు. అప్పుడు ఎఫ్ డాష్ రుణం నుంచి ధనానికి మారిన చోటే స్థానిక గరిష్ఠం వస్తుంది. రుణం నుంచి ధనానికి మారితే కనిష్ఠమని కంఠస్థం చేసినవారు ఈ చుక్కను కాసేపు చూడాలి. ఆ సూత్రంలో అవిచ్ఛిన్నత అనే షరతు ఉంది. గైడ్లలో అది చిన్న అక్షరాల్లోకి పోయింది.

‘ఎఫ్ ఆఫ్ 1 విలువ 2’. ఇది లేకపోతే మిగతా మూలమంతా గాలిలో ఉంటుంది. అవకలజానికి ఎత్తు తెలియదు, వాలే తెలుసు. ఒక వక్రాన్ని యథాతథంగా పది ఏకాంకాలు పైకి జరిపినా ఏ బిందువు వద్దా వాలు మారదు కనుక, వాలు చెప్పే ఏ వాక్యమూ ఆ రెండు వక్రాలను వేరు చేయలేదు. సమాకలనం చేసిన ప్రతివారూ చివర ‘ప్లస్ సి’ అని రాసేది ఇందుకే. వ్యాఖ్యాతల పరిభాషలో దీన్ని అధ్యాహారం అనవచ్చు: వాక్యంలో లేకున్నా అర్థం పూర్తికావడానికి బయటి నుంచి తెచ్చుకోవలసిన పదం. ఈ మూలం దయతలచి ఆ పదాన్ని తానే ఇచ్చింది. ఒక్క బిందువు చాలు, ఎందుకంటే గ్రాఫు తెగకుండా ఉంది. అదే నిర్వచన ప్రదేశం మధ్యలో తెగి ఉంటే ఒక్క సి చాలదు, ముక్కకొక సి కావాలి. ఒకటి బై ఎక్స్‌ను సమాకలనం చేసి లాగ్ మాడ్యులస్ ఎక్స్ ప్లస్ సి అని రాసే పుస్తకాల్లో చాలావరకు సున్నకు ఎడమవైపు సి, కుడివైపు సి వేర్వేరు కావచ్చని చెప్పకుండా దాటేస్తాయి.

రెండవ వాక్యానికి వ్యాఖ్య

ఎఫ్ డాష్ ధనమైన అంతరంలో ఎఫ్ ఆరోహణం, రుణమైన అంతరంలో అవరోహణం. ఇంత తేలికైన మాటకు ప్రమాణం అడగడం అతిగా తోచవచ్చు గానీ, అడగాలి. ఒక బిందువు వద్ద వాలు అనేది ఆ చుట్టుపక్కల జరిగే సంగతి. రెండు దూరపు బిందువుల్లో ఏది ఎత్తు అనేది దూరపు సంగతి. దగ్గరి సంగతి నుంచి దూరపు సంగతికి వంతెన వేసేది లెగ్రాంజ్ మధ్యమ మూల్య సిద్ధాంతం. ఇంటర్మీడియట్‌లో దీన్ని రోల్ సిద్ధాంతం పక్కన చదివి, రెండు చిన్న లెక్కలు చేసి మరిచిపోతారు. అది చెప్పేది ఇది: వక్రం మీద రెండు బిందువులను కలిపే జ్యాకు ఎంత వాలు ఉందో, అంతే వాలుగల స్పర్శరేఖ ఆ రెండిటి మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది. స్పర్శరేఖలన్నీ ధన వాలువైతే ఏ జ్యా వాలూ ధనం కాక తప్పదు. అంటే కుడి బిందువు ఎడమదాని కంటె ఎత్తున ఉండక తప్పదు. గ్రాఫు గీసే ప్రశ్న మొత్తం ఈ సిద్ధాంతం మీద నిలబడింది.

పూర్వపక్షం: ఒకటి బై ఎక్స్‌కు అవకలజం మైనస్ ఒకటి బై ఎక్స్ స్క్వేర్. అది ఎక్కడ చూసినా రుణమే. కానీ ఎక్స్ మైనస్ 1 అయితే విలువ మైనస్ 1, ఎక్స్ 1 అయితే విలువ 1. దిగవలసిన ప్రమేయం ఎక్కిందేమి? సమాధానం: సున్న వద్ద ఆ ప్రమేయమే లేదు. మైనస్ 1 నుంచి 1కి గీసిన జ్యా ఆ ఖాళీ మీదుగా పోతుంది, అక్కడ సిద్ధాంతం పనిచేయదు. నియమంలో ‘అంతరంలో’ అన్న మాట ఉన్నది ఇందుకే. ‘ఒకటి బై ఎక్స్ అవరోహణం’ అని ఊరికే రాస్తే తప్పు. సున్నకు ఇటు వేరుగా, అటు వేరుగా అవరోహణం అని రాయాలి.

మన మూలానికి ఆ ఇబ్బంది లేదు. పైగా ఒక లాభం ఉంది. మైనస్ 1 నుంచి 3 దాకా రెండు రుణ అంతరాలు 1 వద్ద అతుక్కుంటాయి. 1 వద్ద వాలు సున్న అయినా దిగుడు ఆగదు. కనుక మైనస్ 1 నుంచి 3 వరకు ఎఫ్ ఏకధాటిగా అవరోహణం. ఒక్క బిందువు వద్ద వాలు సున్న కావడం అవరోహణానికి భంగం కాదు. ఎక్స్ క్యూబ్ సున్న వద్ద వాలు సున్న అయి కూడా అంతటా ఆరోహణమే కదా.

మూడవ వాక్యానికి వ్యాఖ్య

మూలానికి ప్రాణం ఇక్కడుంది. మూడు బిందువులు, మూడిటి స్వభావాలు మూడు విధాలు.

మైనస్ 1 వద్ద గరిష్ఠం ఉందని మూలం ఎక్కడా అనలేదు. ఎడమ ఆరోహణం, కుడి అవరోహణం, మధ్యలో తెగలేదు అని మాత్రమే అన్నది. దీని నుంచి గరిష్ఠాన్ని రాబట్టడం మీమాంసకులు చెప్పే అర్థాపత్తి. పగలు భోజనం చేయని దేవదత్తుడు బలిసి ఉన్నాడంటే రాత్రి తింటున్నాడని ఎవరూ చెప్పకుండానే తేలినట్టు, ఎక్కినది దిగిందంటే నడుమ శిఖరం ఉన్నదని తేలుతుంది. అక్కడ వాలు సున్న అన్న మాట ఆ శిఖరం గుండ్రంగా ఉంటుందని అదనంగా చెబుతుంది. గీసేవారు మైనస్ 1 వద్ద చిన్న అడ్డగీత పెట్టుకుని, వక్రాన్ని దానికి ఒరిపించి గీయాలి.

1 వద్ద అదే సున్న, ఫలితం వేరు. ఇక్కడ శిఖరమూ లేదు, లోయా లేదు. దిగుతున్న వక్రం ఒక్క బిందువు వద్ద అడ్డంగా మారి మళ్లీ దిగుతుంది. ‘వాలు సున్న కనుక గరిష్ఠమో కనిష్ఠమో అయి ఉండాలి’ అనే వాదం ఫెర్మా సిద్ధాంతాన్ని తలకిందులు చేసి చదవడం వల్ల పుడుతుంది. పియేర్ ఫెర్మా 1630ల్లో చెప్పిన పద్ధతి సారం ఒక దిక్కుకే వర్తిస్తుంది: గరిష్ఠమో కనిష్ఠమో ఉండి, అక్కడ అవకలజం కూడా ఉంటే, అది సున్న కావాలి. సున్న అయిన ప్రతిచోటా గరిష్ఠమో కనిష్ఠమో ఉంటుందని ఆ మాటకు అర్థం లేదు. ఈ సంగతి మన దేశంలో అంతకంటె పాతది కూడా. భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో, గ్రహానికి చేసే సవరణ అత్యధికమైన చోట ఆ సవరణలో మార్పు శూన్యమని గుర్తించాడు. ఆయన కూడా గరిష్ఠం నుంచి శూన్యానికి వెళ్లాడు తప్ప శూన్యం నుంచి గరిష్ఠానికి వెళ్లలేదు.

‘3 వద్ద ఎఫ్ డాష్ లేదు’. లేని దాని గురించి వ్యాఖ్యాతలకు ఎక్కువ పని. ఎడమ దిగుడు, కుడి ఎక్కుడు, అవిచ్ఛిన్నం. కనుక స్థానిక కనిష్ఠం సందేహం లేకుండా ఉంది. సందేహమంతా దాని ఆకారం మీద. ఎడమ వాలు ఒకటి, కుడి వాలు మరొకటి అయి రెండు గీతలు కోణంగా కలిస్తే మొన వస్తుంది. ఎక్స్ మైనస్ 3 మాడ్యులస్‌కు ఉన్నట్టు. రెండు పక్కలా వక్రం నిట్టనిలువుగా అయ్యి సూది ముల్లులా కలవవచ్చు. ఎక్స్ మైనస్ 3 వర్గానికి ఘనమూలం తీస్తే వచ్చే గ్రాఫులా. ఒక పక్క మామూలు వాలు, రెండో పక్క నిలువు కూడా కావచ్చు. మూలం ఏదీ తేల్చలేదు. కాబట్టి ఏది గీసినా సరైనదే. సరికానిది ఒక్కటే: నున్నగా, గిన్నె అడుగులా గుండ్రంగా గీయడం. అలా గీస్తే 3 వద్ద అడ్డపు స్పర్శరేఖ వచ్చి కూర్చుంటుంది. లేదన్న చోట సున్న పుడుతుంది. చేతికి నున్నని గీతల మీద ఉన్న మోజు వల్ల ఈ తప్పు బాగా చదివేవారి కాగితాల్లోనే ఎక్కువ.

నాలుగవ వాక్యానికి వ్యాఖ్య

కుడి చివర ఎఫ్ డాష్ సున్నకు పోతుంది. కనుక వక్రం చదునై, ఏదో ఒక ఎత్తు వద్ద అడ్డపు అనంత స్పర్శరేఖకు అంటుకుంటుందని చాలామంది గీస్తారు. మూలం ఆ మాట అనలేదు. వాలు తగ్గిపోవడం వేరు, ఎత్తు ఆగిపోవడం వేరు. సహజ లాగరిథమ్‌నే చూస్తే, దాని అవకలజం ఒకటి బై ఎక్స్, సున్నకు పోతూనే ఉంటుంది. ఎక్స్ పది లక్షలైనా లాగ్ విలువ 14కు చేరదు. అంత మెల్లగా ఎక్కుతుంది. అయినా అది ఏ ఎత్తు వద్దా ఆగదు, ఎంతటి సంఖ్యనైనా ఒకనాటికి దాటుతుంది. వర్గమూలమూ అంతే. మరోవైపు 1 మైనస్ ఒకటి బై ఎక్స్ కూడా ధన వాలుతో ఎక్కుతూ, వాలు సున్నకు పోతూ, 1 అనే ఎత్తును ఎన్నడూ దాటదు. మూలానికి రెండూ సమ్మతమే. కుడి చివర క్రమంగా చదునవుతూ ఎక్కే గీత గీసి వదలాలి. చుక్కల గీతతో అనంత స్పర్శరేఖ గీసి పేరు పెడితే అది ప్రక్షిప్తం.

ఎడమ చివర గురించి మూలం మౌనం. అక్కడ ఎఫ్ ఆరోహణమని మాత్రం తెలుసు. ఎడమకు పోయేకొద్దీ కిందికి పోతుందన్న మాట. పాతాళానికి పోతుందా, ఏదో ఒక మెట్టు వద్ద నిలుస్తుందా అన్నది తెలియదు. దీనివల్ల ముఖ్యమైన ఫలితం ఒకటుంది: 3 వద్ద ఉన్నది స్థానిక కనిష్ఠమే, పరమ కనిష్ఠమని చెప్పడానికి ఆధారం లేదు. మైనస్ 1 వద్ద గరిష్ఠం సంగతీ అంతే, కుడి చివర ఎక్కుడు దాన్ని మించిపోవచ్చు.

ధ్వని

వంపు గురించి మూలంలో వాచ్యంగా ఒక్క అక్షరం లేదు. అయినా వంపు స్ఫురిస్తుంది. మైనస్ 1 వద్ద వాలు సున్న, ఆపైన రుణం, 1 వద్ద మళ్లీ సున్న. అంటే ఆ నడుమ వాలు కిందికి దిగి తిరిగి పైకి రావాలి. వాలు తగ్గుతున్నంతసేపు వక్రం బోర్లించిన గిన్నెలా, పెరుగుతున్నప్పుడు నిలబెట్టిన గిన్నెలా ఉంటుంది కనుక, సాదాసీదాగా వంగే ఏ వక్రంలోనైనా మైనస్ 1కి 1కి మధ్య ఒకచోట వంపు మారాలి. 1 వద్దా మళ్లీ మారాలి, ఎందుకంటే అక్కడికి పెరుగుతూ వచ్చిన వాలు అక్కడి నుంచి తగ్గడం మొదలుపెడుతుంది. ఎఫ్ డబుల్ డాష్ గురించి ఏమీ చెప్పకపోయినా రెండు వంపు మార్పులు ఇలా వచ్చాయి. ఈ రెండూ లేకుండా మైనస్ 1 నుంచి 3 దాకా ఒకే వంపుతో జారుడుబల్లలా గీసిన గ్రాఫులో 1 వద్ద అడ్డగీత ఇమడదు. గీసి చూస్తే తెలుస్తుంది. ఈ శాస్త్రం పుట్టినప్పుడే వంపు కూడా దానిలో ఉంది. లైబ్నిజ్ 1684లో ఆక్టా ఎరుడిటోరమ్ పత్రికలో అచ్చువేసిన తొలి వ్యాసంలోనే పెరుగుదల, తరుగుదల గుర్తులతో పాటు వంపు మారే బిందువుల ప్రస్తావన వస్తుంది. డాష్ గుర్తు మాత్రం లెగ్రాంజ్‌ది; 1797 నాటి ఆయన పుస్తకం నుంచి ప్రచారంలోకి వచ్చింది.

ఉదాహరణ

ఇలాంటి ప్రమేయం నిజంగా ఉందా, లేక ప్రశ్నకర్త గాలి మేడా అనే శంకకు ఒక నమూనా చాలు. 3 వరకు ఎఫ్ డాష్‌ను మైనస్ ఆఫ్ (ఎక్స్ ప్లస్ 1) ఇంటూ (ఎక్స్ మైనస్ 1) స్క్వేర్ అనుకుందాం. స్క్వేర్ ఉన్నందువల్ల 1 వద్ద గుర్తు మారదు. మూలం కోరినది అదే. సమాకలనం చేసి 1 వద్ద విలువ 2 అయ్యేలా సి సరిచేస్తే, మైనస్ 1 వద్ద ఎత్తు 10 బై 3, అంటే మూడుంపావుకు కాస్త పైన. 3 వద్ద మైనస్ 22 బై 3, అంటే మైనస్ ఏడుంపావుకు కాస్త కింద. వంపు మార్పులు మైనస్ 1 బై 3 వద్ద, 1 వద్ద వస్తాయి. 3 దాటాక మైనస్ 22 బై 3కి ఎక్స్ మైనస్ 3 వర్గమూలం కలుపుతూ పోతే వాలు ధనంగా ఉంటూ సున్నకు పోతుంది. ఈ నమూనాలో ఎక్స్ 117 దగ్గరపడేసరికి ఎఫ్ మైనస్ 1 వద్ద శిఖరాన్ని దాటిపోతుంది. ఎడమ చివర పాతాళానికి పోతుంది. పరమ గరిష్ఠమూ లేదు, పరమ కనిష్ఠమూ లేదు. వర్గమూలం బదులు 1 మైనస్ ఒకటి బై (ఎక్స్ మైనస్ 2) కలిపితే కుడి చివర మైనస్ 19 బై 3 వద్ద నిలిచిపోతుంది, శిఖరం పరమ గరిష్ఠమవుతుంది. మూలంలో అక్షరం మారలేదు.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ఇదే మూలం మాటల్లో కాక బొమ్మగా ఉంటుంది: ఎఫ్ డాష్ గ్రాఫునే గీసి, దాని నుంచి ఎఫ్ గ్రాఫు గీయమంటారు. విషయం ఒకటే, ప్రమాదం ఎక్కువ. బొమ్మలో ఎఫ్ డాష్ మైనస్ 1 వద్ద అక్షాన్ని పై నుంచి కిందికి దాటుతుంది, 1 వద్ద కింద నుంచి వచ్చి అక్షాన్ని ముట్టుకుని కిందికే పోతుంది, 3 వద్ద కింద తెగి పైన మొదలవుతుంది, ఆపైన క్రమంగా అక్షం వైపు వాలుతుంది. కంటి ముందు దిగే గీత కనిపిస్తుంటే దిగే గీతే గీయాలనిపిస్తుంది. 3కు కుడివైపు ఎఫ్ డాష్ దిగుతోంది కనుక ఎఫ్ కూడా దిగుతుందని గీసినవారు బొమ్మను కాపీ చేశారు తప్ప చదవలేదు. అక్కడ ఎఫ్ డాష్ దిగుతున్నా అక్షానికి పైనే ఉంది. ఎఫ్ ఎక్కుతూనే ఉంది, నెమ్మదిస్తూ. ఎఫ్ డాష్ ఎత్తును ఎఫ్ వాలుగా చదవాలి. ఎఫ్ డాష్ వాలును చదివితే ఎఫ్ వంపు తెలుస్తుంది.

బొమ్మ పాఠానికి ఒక అదనపు ప్రయోజనం ఉంది: అందులో వైశాల్యాలు కొలవవచ్చు. ఎఫ్ డాష్ వక్రానికీ అక్షానికీ మధ్య మైనస్ 1 నుంచి 1 దాకా ఉన్న వైశాల్యం ఎంతో, ఆ మధ్య ఎఫ్ దిగిన లోతు అంత. పై నమూనాలో ఆ వైశాల్యం 4 బై 3. అందుకే 10 బై 3 నుంచి 2కు దిగింది. 1 నుంచి 3 దాకా వైశాల్యం 28 బై 3. రెండు దిగుళ్లలో రెండోది మొదటిదానికి ఏడు రెట్లు కనుక, కొలతకు గీసేవారు 1 వద్ద మెట్టును ఎత్తులో శిఖరానికి బాగా దగ్గరగా, లోయకు దూరంగా పెట్టాలి. మాటల మూలంలో ఈ సమాచారం లేదు. అందులో మెట్టు నడి మధ్యన ఉన్నా అభ్యంతరం లేదు.

ఇంకొక ప్రతిలో ‘3 వద్ద ఎఫ్ డాష్ లేదు’ అనే వాక్యం జారిపోయి, బొమ్మలో దూకుడు మాత్రం మిగిలిందనుకుంటే, ఆ వాక్యాన్ని తిరిగి నిర్మించవచ్చు. ఒక అవకలజం తాను ఉన్న అంతరంలో ఒక విలువ నుంచి మరో విలువకు మధ్యవన్నీ తాకకుండా దూకలేదని 1875లో డార్బూ నిరూపించాడు. కాబట్టి దూకిన చోట అవకలజం లేదు. లేఖకుడు మరిచినదాన్ని సిద్ధాంతం పూరిస్తుంది.

తాత్పర్యం

ఎఫ్ అనే ప్రమేయం ఎడమ నుంచి ఎక్కుతూ వచ్చి మైనస్ 1 వద్ద గుండ్రని శిఖరం చేరుతుంది. అక్కడి నుంచి దిగుతూ, నడుమ ఒకసారి వంపు మార్చుకుని, ఒకటి కామా రెండు అనే బిందువు వద్ద అడ్డంగా మారుతుంది. అక్కడ ఆగక, మళ్లీ వంపు మార్చి మరింత దిగి, 3 వద్ద మొనగా కనిష్ఠాన్ని ముట్టుకుని, తెగకుండా పైకి తిరుగుతుంది. ఆ తర్వాత ఎక్కుతూనే, అంతకంతకు చదునవుతూ కుడికి సాగిపోతుంది. శిఖరం ఎత్తు, లోయ లోతు, మొన కోణం, రెండు చివరల గమ్యం గీసేవారి ఇష్టం. ఈ మూలానికి సరైన గ్రాఫులు లెక్కలేనన్ని. అందుచేత పక్కవారి కాగితంలో గ్రాఫు వేరుగా ఉన్నంత మాత్రాన ఎవరిదీ తప్పు కానక్కరలేదు.

ఫలశ్రుతి

ఒకనాటి ఎంసెట్ తరహా పరీక్షల్లో గీత గీసే పని లేదు. గరిష్ఠాలు ఎన్ని, ఆరోహణ అంతరం ఏది అని అడిగి నాలుగు వికల్పాలు ఇస్తారు. అమెరికా హైస్కూళ్లలో రాసే ఏపీ కాల్‌క్యులస్ పరీక్షలో మాత్రం ఎఫ్ డాష్ గ్రాఫు ఇచ్చి ఎఫ్ సంగతులు అడిగే ప్రశ్న తరచుగా వస్తుంది. (ఏపీ అంటే అక్కడ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, రాసేవారిలో మన ఏపీ పిల్లలకూ కొదవ లేదు.) ఆ పరీక్షలో కారణం చూపమన్నప్పుడు సైన్ చార్టు ఒక్కటే గీసి ఊరుకుంటే చాలదు. ‘మైనస్ 1 వద్ద ఎఫ్ డాష్ ధనం నుంచి రుణానికి మారింది, కనుక అక్కడ ఎఫ్‌కు స్థానిక గరిష్ఠం’ అని పూర్తి వాక్యం రాయాలి. ‘అది మారింది, కనుక అది గరిష్ఠం’ అని రాయవద్దు. ఏది మారిందో, దేనికి గరిష్ఠమో పేరు పెట్టి రాయండి.